చెదరిన గూడు, పావురాల గూడు, మైదానము
(ఎడ్నా, చారులత, రాజేశ్వరి: తులనాత్మక పరిశీలనము)

ఆలంకారికులు కావ్యనాయికలను స్వీయ, పరకీయ, సామాన్య యని మూడు తెగలుగా విభజించిరి. ఈ విభాగమునందు ఒక విశేషము గమనింపదగియున్నది. స్వీయ యనగా తనది, ఎవనికి తనది? నాయకునికి. పరకీయ యనగా ఇతరునిది. సామాన్య యనగా అందరిది. ఈ మూడు పేళ్ళును స్త్రీ ఎవరి సొత్తు అను ప్రశ్నకు సమాధానములే గాని, ఆమె యేమి కోరినది అను ప్రశ్నకు సమాధానములు కావు. తనకు తానే చెందిన నాయికకు ఆ శాస్త్రమున పేరే లేదు. ఆ పేరులేని నాయికను వెదకుటకు బయలుదేరినది పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున పుట్టిన స్త్రీస్వాతంత్ర్య దృష్టిగల కథాసాహిత్యము. ఆ అన్వేషణమున అది మొదట తాకిన పాత్ర, లోకము ఎల్లప్పుడును వెలివేసిన పాత్ర: పరపురుషుని ప్రేమించిన ఇల్లాలు.

తెలుగువారికి ఈ పాత్ర క్రొత్తది కాదు. మధుర నాయకరాజైన విజయరంగ చొక్కనాథుని కాలమున, తమిళదేశపు నడిబొడ్డున, ఇద్దరు తెలుగు కవులు ఇట్టి నాయికలనే కావ్యవస్తువులుగా గైకొనిరి. శేషము వేంకటపతి శశాంకవిజయమున బృహస్పతి భార్యయగు తారను, సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు అహల్యాసంక్రందనమున గౌతముని ఇల్లాలిని వర్ణించిరి. తార శిష్యుడైన చంద్రుని తానే వలచి వాదించి ఒప్పించును. ఆమె నోట కోరికను పలికించుటకు దక్షిణాంధ్ర కవి వెనుదీయలేదు. కాని ఆ కోరిక శృంగారరసపోషణమునకు ఉపకరణము మాత్రమే. ఆస్థానమున కూర్చుండి వినుచున్న రసికులకు అది విందు. కథ ముగియు వేళకు తార గురువు నింటికి చేర్పబడును. ఆమె మనస్సు ఎచటికి చేరెనో చెప్పవలసిన అగత్యము కవికి కలుగలేదు.

పురాణములలో మరియొక కథ కలదు. జమదగ్ని పత్నియగు రేణుక జలక్రీడలాడుచున్న గంధర్వుని చూచి ఒక్క క్షణము చలించినది. చేత చేసినది లేదు, నోట పలికినది లేదు. అయినను త్రికరణశుద్ధి లోపించినదను నెపమున తండ్రి ఆజ్ఞచే కొడుకే ఆమె శిరస్సు ఖండించెను; పిదప కొడుకు కోరిన వరముచేతనే ఆమె మరల బ్రదికెను. శాస్త్రము శిక్షించిన ఆ తల్లినే జనసామాన్యము ఎల్లమ్మగా కొలిచినది. తెలంగాణమునుండియు మహారాష్ట్రమునుండియు కర్ణాటకములోని సవదత్తి కొండకు నేటికిని భక్తులు తరలిపోవుచున్నారు. శిక్షకును పూజకును నడుమ ఒక ప్రశ్న మిగిలిపోయినది: ఆ ఒక్క క్షణమున రేణుక ఏమి చూచినది? ఆధునిక కథాసాహిత్యము ఆ క్షణమును విస్తరించి వ్రాసినదనుట అతిశయోక్తి కాదు.

ఐరోపాలో ఫ్లోబేరు 1857లో మదాం బోవరీని, టాల్‌స్టాయి 1878లో గ్రంథరూపమున అన్నా కరేనినాను వెలువరించిరి. ఇద్దరును మహాశిల్పులు, ఇద్దరును తమ నాయికల యెడల జాలి కలవారు. అయినను ఒకతెకు పాషాణము, మరియొకతెకు రైలుచక్రము విధించిరి. 1879లో ఇబ్సెన్ నాటకమందు నోరా ఏ ప్రియుని అండయు లేక తలుపు మూసి వెడలిపోయినది. అది క్రొత్త త్రోవ. ఆ తరువాతి యాబది యేండ్లలో మూడు వేరు దేశకాలములలో పుట్టిన మూడు రచనలు ఇచ్చట పరిశీలనమునకు తీసికొనబడుచున్నవి. అమెరికా రచయిత్రి కేట్ షోపాన్ 1899లో ప్రకటించిన ‘ది అవేకెనింగ్’, రవీంద్రనాథుడు 1901లో వ్రాసిన ‘నష్టనీడ్’, అనగా చెదరిన గూడు, చలము 1927లో వెలువరించిన ‘మైదానము’. ఈ మూడింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచునపుడు అడుగవలసిన ముఖ్యప్రశ్న ఒక్కటే: ఈ స్త్రీల కథలలో ప్రియుడు కారణమా, నిమిత్తమాత్రుడా?

కథాసంగ్రహము

ఎడ్నా పాంటెలియర్ ఇరువది యెనిమిదేండ్ల గృహిణి. భర్త లియోన్స్ న్యూ ఆర్లియన్స్ నగరమున ధనికుడైన వ్యాపారి. ఇద్దరు కొడుకులు. వేసవికి గ్రాండ్ ఐల్ దీవిలో విడిది చేసినపుడు ఆమె ఈత నేర్చును. రాబర్ట్ లెబ్రన్ అను యువకుని స్నేహమున తనలో ఇంతకాలము నిద్రించియున్నదేదో కదలుటను గుర్తించును. రాబర్ట్ భయపడి మెక్సికో దేశమునకు వెడలిపోవును. ఎడ్నా నగరమునకు తిరిగివచ్చి, ప్రతి మంగళవారము అతిథుల నాదరించు ఆచారమును మానివేయును, చిత్రలేఖనమునకు పూనుకొనును, తన సంపాదనముతో చిన్న ఇంటికి మారును, అల్సే అరోబిన్ అను విలాసపురుషునితో దేహసంబంధము నేర్పరచుకొనును. తిరిగివచ్చిన రాబర్ట్ సైతము చీటి వ్రాసిపెట్టి తొలగిపోవును. చివరకామె ఆ దీవికే వెళ్ళి, సముద్రములోనికి ఈదుకొనుచు తిరిగి రాదు.

చారులత కలకత్తాలో సంపన్నుడైన భూపతి భార్య. భూపతికి ఆంగ్లపత్రిక నడపుట యందే ధ్యాస. బాల్యముననే ఆ ఇంట అడుగిడిన భార్య యౌవనవతి యగుటను గూడ అతడు గమనింపలేదు. అత్తకొడుకైన అమలుడు ఆ ఇంటనుండి చదువుకొనుచు చారులతతో కలిసి తోట వేయుటకు పథకములు వేయును, రచనలు చేయును. వారి నడుమ మాటలు తప్ప మరేమియు లేదు. అమలుడు పెండ్లియాడి సీమకు పోయినపుడు చారులత దుఃఖము ఆమెకే ఆశ్చర్యము కలిగించును. నగలు కుదువపెట్టి, జవాబునకు ముందే రుసుము చెల్లించి, అతని క్షేమమునకై రహస్యముగా తంతి పంపును. ఆ జవాబు భూపతి చేతికి చిక్కును. అతనికి అప్పుడు సర్వమును తెలిసివచ్చును.

రాజేశ్వరి బ్రాహ్మణకుటుంబపు స్త్రీ, ప్లీడరు భార్య. ఇంటికి వచ్చిన అమీరు అను ముస్లిము యువకుని ప్రేమించి, ఇల్లు, కులము, మతము, ఊరు అన్నియు విడిచి అతనితో వెడలిపోయి, ఊరి వెలుపలి మైదానమున గుడిసెలో కాపురముండును. మేనమామ వచ్చి బోధించినను మరలదు. ఆమె గర్భవతి కాగా అమీరు ఆ బిడ్డను వలదనును, ఎడబాటు కలుగును. మీరా అను పిన్నవయస్కుడు వారి నడుమ ప్రవేశించును. అమీరు మరణముతోను, రాజేశ్వరి చెరతోను కథ ముగియును.

భర్తలు

మూడు రచనలకును ఉన్న మొదటి సామ్యము భర్తలయందు కనబడును. మువ్వురిలో ఒక్కడును క్రూరుడు కాడు. లియోన్స్ భార్యకు కానుకలు పంపును. ఇరుగుపొరుగు స్త్రీలు అతనిని మేలైన భర్తయని మెచ్చుకొందురు. భూపతి ఉదారుడు, అమాయకుడు. ప్లీడరు లోకమంగీకరించిన సాధారణ గృహస్థు. తాగి కొట్టు భర్తను చిత్రించి, పాఠకుని జాలిని సులువుగా సంపాదించుకొను ఉపాయమును ఈ రచయితలు స్వీకరింపలేదు. అట్లు చేసియుండిన ప్రశ్న చిన్నదై, దుష్టుడైన భర్తను విడుచుట తప్పా ఒప్పా యనుటతో ఆగిపోయెడిది. మంచి భర్త ఉన్న ఇంట గూడ స్త్రీకి ఊపిరాడకుండుట ఎట్లు? ఈ ప్రశ్న అంతకంటె లోతైనది, అంతకంటె ఇబ్బందికరమైనది.

మంచితనములలోని తారతమ్యమును గూడ గుర్తింపవలెను. లియోన్స్ ఎండకు నల్లబడిన భార్యను చూచునపుడు అతని చూపులో విలువైన వస్తువు చెడిపోయినదను విచారము కలదు. ఆమె వేరింటికి మారినదని తెలిసినపుడు అతనికి మొదట తోచినది లోకుల మాట. ఇల్లు మరమ్మతు చేయించుచున్నట్లు పత్రికలో ప్రకటించి, నిజముగానే పనివారిని పంపి, పరువు కాపాడుకొనును. భార్య ఏల వెళ్ళినదో అడుగడు. భూపతి లోపము వేరు. అతడు భార్యను వస్తువుగా చూడడు. అసలు చూడనే చూడడు. అతని పత్రిక మునిగిపోయి ఇంటివైపు తిరిగిన నాటికి ఆ ఇంట అతనికి చోటు మిగిలియుండలేదు. రవీంద్రుడు అతని దుఃఖమును చారులత దుఃఖముతో సమానముగా తూచెను. ఇది ఆ రచనలోని గొప్పతనము. రాజేశ్వరి భర్తకు మాత్రము చలము అంతటి స్థానమీయలేదు. అతడు మనిషియను దానికంటె సంసారమను వ్యవస్థకు గుర్తుగా నిలిచిపోయెను. వాదమునకు బలము చేకూరినదేమో గాని, కథకు కొంత వెలితి కలిగినది.

ప్రియుడు: కారణమా, నిమిత్తమా?

ఎడ్నా కథలో రాబర్ట్ నిమిత్తమాత్రుడు. అతడు ఆమెను ప్రేమించినను, భర్త ఆమెను విడిచి తనకు ఒప్పగింపవలెనని కలగనును. ఆ మాట విని ఎడ్నా నవ్వును. తాను ఒకరు ఒకరికి ఇచ్చుటకు తగిన వస్తువు కాదనును. ఆ నవ్వులో నవల సారమంతయు ఇమిడియున్నది. భర్తకును ప్రియునికిని భేదము లేదని ఆమె అప్పుడే గ్రహించినది. అరోబిన్‌తో ఆమె కూడినపుడు అందు ప్రేమ లేదని ఆమెకే తెలియును. తుదకు రాబర్ట్ సైతము ఒకనాడు తన మనస్సునుండి మాసిపోవునని గుర్తించును. ఆమె వెదకినది పురుషుని కాదు. పురుషుని ద్వారా తెరచుకొన్న తననే.

చారులత విషయమున అమలుడు సహృదయుడు. ఆమెలోని రచయిత్రిని మేల్కొల్పినవాడు అతడే. విమర్శకుడొకడు అమలుని అలంకారభూయిష్ఠమైన శైలికంటె ఆమె సరళరచనను మెచ్చుకొన్నపుడు ఆమె సంతోషింపదు. ఇద్దరిదిగా ఉన్న లోకము బజారున పడెనని బాధపడును. ఇచ్చట ప్రేమకును సాహిత్యమునకును హద్దు గీయుట కష్టము. మాటాడుటకు ఒక మనిషి, వ్రాసినది వినుటకు ఒక చెవి: ఇవి దొరకుటయే చారులతకు జీవితము. అవి పోయినవి గనుక జీవితము పోయినది. ఆమె దోషి యగుచో రేణుక వలె మనస్సుచే మాత్రమే.

రాజేశ్వరి కథలో అమీరు నిమిత్తము కాడు, కారణమే. ఆమె సర్వమును అతనియందే నిలిపినది. చలము విమర్శకులు మొదటినుండి ఆమె చేసిన పనిని చూచి కలవరపడిరి గాని, ఆమె చేసిన పద్ధతిని తగినంత గమనింపలేదు. రాజేశ్వరి వివాహమును విడిచినది. కాని పాతివ్రత్యమును విడువలేదు. దానిని భర్తనుండి ప్రియునికి మార్చినది. అమీరు కోపమును సహించును. అతని సుఖమే తన సుఖమనుకొనును. అతని మనస్సు మరియొక బాలికవైపు తిరిగినపుడు సైతము అతని కోరికకు తోడ్పడును. పురాణములలో భర్తను బుట్టలో మోసికొనిపోయిన సతికిని, ఈమెకును నడుమ దూరము పైకి కనబడునంత లేదు. మీరా యెడల ఆమెకు కలిగిన వాత్సల్యమయమైన ప్రేమ ఈ బంధమునుండి ఒక కొంత సడలింపు. ఆ ఘట్టమున రాజేశ్వరి మొదటిసారి ఒక్కని సొత్తు కాకుండ కనబడును.

ఇండ్లు

కథలలోని ఇండ్లను పోల్చినచో ఈ భేదము మరింత స్పష్టమగును. చారులత ఇల్లు విడిచిపోలేదు. ఆమె ఉన్నచోటనే గూడు చెదరిపోయినది. ఎడ్నా విడిచిపోయినది, కాని వీధి మలుపు తిరిగినంత దూరమే. ఆ చిన్న ఇంటిని పనిమనిషి పావురాల గూడని పిలుచును. పావురము ఎగురును గాని సాయంకాలమునకు గూటికి చేరును. ఆ పేరులోనే ఒక హద్దు కలదు. అయినను ఆ ఇంటికి ఒక ఘనత కలదు: దాని అద్దె ఎడ్నా సొంతధనము. చిత్రములమ్మి, గుఱ్ఱపు పందెములలో గెలిచి, తల్లి తరపు ఆస్తినుండి వచ్చు కొలదిపాటి సొమ్ము కూర్చుకొని ఆమె స్వతంత్రముగా బ్రదుక సాహసించినది. మువ్వురిలో డబ్బు లెక్క వేసికొన్నది ఆమె ఒక్కతెయే.

రాజేశ్వరి గోడలనే విడిచినది. ఆకాశము, వాగు, ఇసుక, గుట్టలు ఆమె ఇల్లు. ఆ వర్ణనలయందు చలము గద్యము తెలుగున అంతకుముందు లేని వెలుగును సంపాదించుకొన్నది. కాని గోడలు లేని చోట ఆమెకు తనదని చెప్పుకొనుటకు ఒక గది గూడ లేదు, చేతిలో వృత్తి లేదు, విద్యను ఉపయోగించుకొను మార్గము లేదు. అమీరు కోపించి వెడలిపోయినపుడు ఆ విశాలమైన మైదానమే ఇరుకైపోవును. అవకాశము వేరు, ఆధారము వేరు. ఎడ్నాకు ఆధారము కలదు, అవకాశము స్వల్పము. రాజేశ్వరికి అవకాశము అనంతము, ఆధారము శూన్యము. చారులతకు రెండును లేవు. కలము మాత్రమున్నది, దానిని గూడ ఆమె విడిచినది.

ఎడ్నా స్వాతంత్ర్యమునకును ఒక మరక కలదు. ఆమె సముద్రమును చూచుచు ఆలోచనలో మునిగియుండ, ఆమె పిల్లలను పోషించునది నల్లజాతి సంబంధముగల ఒక దాది. ఆ దాదికి నవలలో పేరు గూడ లేదు. ఒక స్త్రీ మేలుకొనుటకు మరియొక స్త్రీ నిద్ర మానుకొని ఊడిగము చేసినది. ఈ విషయమున రాజేశ్వరియే మెరుగు. ఆమె కులగౌరవమును, ఇంటి సౌఖ్యమును నిజముగా త్యజించి, గుడిసె బ్రతుకు బ్రదికినది.

సంతానము

మాతృత్వము దగ్గర మువ్వురు నాయికలును నిలువ నేరరు. ముగ్గురు రచయితలును తడబడుదురు. చారులతకు బిడ్డలు లేరు. రవీంద్రుడు ఆ చిక్కు లేకుండ చేసికొనెను. రాజేశ్వరికి బిడ్డ కలుగబోవుటయే ప్రేమలోకమునకు ముప్పుగా తోచును. అమీరు ప్రేమించినది ఆమె దేహమును, ఆమె నవ్వును. తల్లియగు రాజేశ్వరి అతనికి అక్కరలేదు. స్వేచ్ఛాప్రణయమను ఆదర్శమునకు ఇది కఠినమైన పరీక్ష. చలము ఆ పరీక్షను తప్పించుకొనక కథలోనికి తెచ్చుట అతని నిజాయితీకి నిదర్శనము. ఆ పరీక్షయందు అమీరు ఓడిపోయెనని అంగీకరించుట అంతకు మించిన నిజాయితీ.

షోపాన్ మరింత ముందుకు పోయినది. ఎడ్నా స్నేహితురాలు అడెల్ ఆదర్శమాత. ప్రసవవేదనలోనుండి గూడ పిల్లలను మరువవద్దని ఆమె ఎడ్నాను హెచ్చరించును. ఎడ్నా పిల్లల కొరకు ధనమిచ్చును, ప్రాణమిచ్చును. కాని తనను ఇయ్యనని ముందే చెప్పినది. ప్రాణమునకును తనకును నడుమ ఆమె గీచిన ఈ గీత సూక్ష్మమైనది. లోకము తల్లి ప్రాణత్యాగమును కీర్తించును. తల్లికి ప్రాణము కాక ‘తాను’ అనునదొకటి ఉండునని తలపదు. ఎడ్నా సముద్రమున కలిసిపోవుటకు రాబర్ట్ వియోగము కంటె ఈ ముడియే ముఖ్యహేతువు. భర్తను విడువవచ్చును, ప్రియుని మరువవచ్చును. తన వలన పిల్లలకు కలుగబోవు అపకీర్తిని ఆమె దాటలేకపోయినది.

ముగింపులు

ఒకతెకు సముద్రము, ఒకతెకు మౌనము, ఒకతెకు చెర. కథ ఎంత ముందుకు సాగినను, శిక్ష లేకుండ ముగియలేదా యను సందేహము కలుగుట సహజము. ఈ సందేహమునకు షోపాన్ జీవితముననే ఒక సమాధానము దొరకును. 1898లో ఆమె ‘ది స్టార్మ్’, అనగా తుఫాను, అను చిన్నకథను వ్రాసినది. వానలో చిక్కుకొని వచ్చిన పూర్వపరిచితునితో ఒక ఇల్లాలు కూడును. వాన వెలిసిన పిమ్మట భర్తయు బిడ్డయు ఇల్లు చేరుదురు. అందరును సంతోషముగా భుజింతురు. ఎవరికిని శిక్ష లేదు. ఆ కథను ఆమె తన జీవితకాలమున ప్రచురింపలేదు. అది 1969లో మాత్రమే వెలుగు చూచినది. శిక్షలేని ముగింపును ఊహించు ధైర్యము రచయిత్రికి కలదు. దానిని చదువు లోకమే లేదు. మరణముతో ముగిసిన ‘ది అవేకెనింగ్’ నవలనే ఆనాటి విమర్శకులు తీవ్రముగా నిందించిరి. షోపాన్ ఆ పిమ్మట మరియొక నవలను ప్రకటింపకయే 1904లో కన్ను మూసినది.

చారులత ముగింపు మువ్వురిలో మిక్కిలి నిరాడంబరము, మిక్కిలి కఠోరము. సర్వమును కోల్పోయిన భూపతి మైసూరులోని ఒక పత్రికకు సంపాదకుడుగా బయలుదేరును. చారులత తననుగూడ తీసికొనిపొమ్మని కోరును. మరియొకనిని తలపోయుచున్న స్త్రీని ఆ దూరదేశమున రేయింబవళ్ళు గుండెపై మోయవలెను గదా యని అతడు వెనుదీయును. ఆమె ముఖము పాలిపోవుట చూచి, మనసు మార్చుకొని, రమ్మనును. ఆమె ఒక్క మాటతో వలదనును. ఆ తిరస్కారమునందు కోపము లేదు, శోకము లేదు. దయచే ఇచ్చిన స్థానమును స్వీకరింపని ఆత్మగౌరవమున్నది. చారులత ఇల్లు విడువకయే, ప్రియుని పొందకయే, ఆ ఒక్క మాటతో ఎవరి సొత్తును కాకపోయినది. 1964లో సత్యజిత్ రాయ్ ఈ కథను చిత్రముగా తీసినపుడు ముగింపు మార్చి, దంపతుల చేతులు కలియబోయి నిలిచిపోవునట్లు చూపెను. చిత్రము ఆశకు కొంత తావిచ్చినది, కథ ఈయలేదు.

రాజేశ్వరి చెరకు పోవుట పైకి శిక్షవలె కనబడినను, ఆమె కథను ఆమెయే చెప్పుచున్నదని మరువరాదు. మైదానము ఉత్తమపురుషలో నడచును. ఎడ్నాను, చారులతను గూర్చి మరియొకరు చెప్పగా వినుచున్నాము. రాజేశ్వరి తానే చెప్పుకొనును, పశ్చాత్తాపము లేక చెప్పుకొనును. లోకము వాడు మాటలలోని హేయార్థమును ఆమె ముందే తోసివేయును. తెలుగు కథలో అంతవరకు ‘లేచిపోయిన’ స్త్రీని గూర్చి ఊరు మాటాడినది. ఇచ్చట ఆమె ఊరితో మాటాడినది. రాజేశ్వరి పాత్రలో ఎన్ని లోపములున్నను ఈ స్వరము చలము తెలుగువారికి చేసిన మహోపకారము.

రచయితలు, రచయిత్రులు

ఈ స్వరమును తెలుగున పురుషుడు పలికించుట కాకతాళీయము కాదు. గురజాడ 1910లో ‘దిద్దుబాటు’ కథలో వెలయాలి ఆటపాటలకు మరగిన భర్తను భార్య చాతుర్యముతో దిద్దినట్లు వ్రాసెను. భర్త తప్పు దిద్దుబాటుతో పోవును. భార్య తప్పునకు దిద్దుబాటు లేదు, దేశబహిష్కారమే. అదే కాలమున భండారు అచ్చమాంబ ‘అబలాసచ్చరిత్ర రత్నమాల’లో స్త్రీలకు విద్యయు శౌర్యమును కలవని నిరూపించుటకు శ్రమించినది, 1902లో వెలువడిన ‘ధనత్రయోదశి’ కథలో భర్తను దొంగతనమునుండి మరలించిన భార్యను చిత్రించినది. స్త్రీ భర్తకంటె ధర్మము తెలిసినదని చెప్పుట ఆనాటి రచయిత్రికి సాధ్యము. ధర్మమునకు వెలుపల ఆమెకొక మనస్సు కలదని చెప్పినచో, పాత్రతోపాటు రచయిత్రి శీలము గూడ విచారణకు వచ్చియుండెడిది. తంజావూరున ముద్దుపళని వ్రాసిన రాధికాసాంత్వనమును 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ప్రచురింపగా ప్రభుత్వము నిషేధించుటయు, ఆ నిషేధము తొలగుటకు 1947 వరకు వేచియుండవలసివచ్చుటయు ఈ భయము నిరాధారము కాదని తెలుపును. చలమును సంఘము వెలివేసినది నిజమే. కాని పాఠశాలల తనిఖీ ఉద్యోగము చేసికొనుచునే వ్రాయు వీలు అతనికి కలిగినది. స్త్రీ అట్లు వ్రాసియుండినచో ఆమెకు ఆ మాత్రపు నీడయు దొరకియుండదు. తుదకు 1950లో అతడు తమిళనాడులోని అరుణాచలమునకు చేరి, 1979లో మరణించువరకు అచ్చటనే ఉండెను.

చట్టము గూడ ఈ కథలకు ప్రక్కన నిలిపి చదువదగినది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 497వ సెక్షను వివాహితతో వ్యభిచరించిన పురుషుని నేరస్థునిగా పరిగణించినది. కాని ఆమె భర్త సమ్మతించినచో అది నేరమే కాదు. అనగా అపహరింపబడినది భర్త సొత్తు. స్త్రీ సమ్మతికి విలువయే లేదు. చారులత, రాజేశ్వరి ఆ చట్టము క్రింద జీవించిన స్త్రీలు. హిందూ వివాహ చట్టము విడాకులకు మార్గము చూపినది 1955లో. 497వ సెక్షనును సర్వోన్నత న్యాయస్థానము కొట్టివేసినది 2018 సెప్టెంబరు 27న. భార్య భర్తకు చరాస్తి కాదను మాట తీర్పుగా వెలువడుటకు, ఎడ్నా నవ్విన నవ్వునకు నూటపందొమ్మిదేండ్ల తరువాతి కాలము పట్టినది.

సమాప్తి

మువ్వురి కథలను కలిపి చూచినపుడు తేలు సారాంశమిది. ఎడ్నా తన్ను తాను కనుగొన్నది గాని బ్రదుకుటకు చోటు కనుగొనలేదు. రాజేశ్వరి చోటు కనుగొన్నది గాని అచ్చట మరియొకనికి తన్ను తాను ధారపోసినది. చారులత దేనిని పొందకయే, ఇచ్చిన దానిని నిరాకరించుటలో తన్ను నిలుపుకొన్నది. ముగ్గురిలో ఎవతెయు సంపూర్ణవిముక్త కాదు; ఒక్కొక్కతె విముక్తిలోని ఒక్కొక్క అంశమును మాత్రము స్పృశించినది. ప్రియుని కొరకు చేసిన సాహసముకంటె, ప్రియుడు లేకపోయిన పిమ్మట నిలిచిన తీరే ఆ పాత్రల విలువను నిర్ణయించుచున్నది.

కథ అచ్చటితో ఆగలేదు. 2015లో సాహిత్య అకాడెమీ బహుమానము పొందిన ‘విముక్త’ కథలలో ఓల్గా అహల్యను, రేణుకను మరల పిలిచి మాటాడించినది. మధుర ఆస్థానమున రసికులకు విందైన అహల్య, తండ్రి మాటకు కొడుకు చేత నరకబడిన రేణుక, ఒక తెలుగు రచయిత్రి చేతులలో సీతకు మార్గదర్శకులైరి. ఇచ్చట వారు దోషులా నిర్దోషులా యను విచారణయే లేదు. విచారించు అధికారము ఎవరిచ్చిరి అను ప్రశ్న మాత్రమున్నది.

రాష్ట్రమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ విచారణ దూరపు విషయము కాదు. పరభాష నడుమ తమ భాషను, ఆచారమును కాపాడుకొనవలసి వచ్చినపుడు ఆ భారము ఎక్కువగా ఇంటి స్త్రీల మీదనే పడుచుండును. ఆడుబిడ్డ కట్టు, బొట్టు, నడక, పెండ్లి, అన్నియు జాతి పరువునకు కొలబద్దలగును. లియోన్స్ ఇంటి మరమ్మతు ప్రకటనము వంటిదే ఆ పరువు. లోపల నివసించు మనిషి ఎట్లున్నదో అది అడుగదు. కర్ణాటకమున కన్నడము, తమిళనాట తమిళము, ఒడిశాలో ఒడియా చదువుచు, ఇంట తెలుగు మాటాడు బాలికలకు మన సాహిత్యమును అందింపదలచినచో, సావిత్రిని అరుంధతిని మాత్రమే అందించుట చాలదు. మధురలో పుట్టిన తారను, అరుణాచలము చేరినవాని రాజేశ్వరిని, మైసూరు పయనమును వలదన్న చారులతను గూడ అందింపవలెను. అనుకరించుటకు కాదు, ఆలోచించుటకు.

ఆలంకారికులు ‘స్వీయ’ అను మంచిమాటను నాయకునికిచ్చిరి. ఆ మాటను నాయికకే తిరిగి ఇచ్చుటకు ఈ ముగ్గురు ఇల్లాండ్రు చేసిన ప్రయత్నమే ఈ కథల యథార్థవిషయము. పరపురుషుడు ఆ త్రోవలో ఎదురైన ఒక మలుపు మాత్రమే.